పచ్చిపాలు

వనపర్తిలోని చిన్న ల్యాబు కిటికీ ముందు కొల్లాపూర్ నుంచి వచ్చిన జములమ్మ నిలబడింది. లోపల ల్యాబు పిల్ల ఫరా హైదరాబాదు నుంచి వచ్చిన రిపోర్టు చదువుతోంది.

“దొరికిందమ్మా! మైక్రోస్కోపుల మూడుసార్లు చూసినా కానరాని పేగుల పురుగు పీసీఆర్ పరీక్షల దొరికింది. మీ బిడ్డ ఉమను రేపే పెద్ద దవాఖానకు తీస్కపోన్రి.”

“ఉమకు మొన్ననే దినాలు చేసినం, బిడ్డా.”

ఫరా చేతిలోని కాగితం బల్ల మీదికి జారింది.

“విరేచనాలు ఆగనే లేదు. కిడ్నీ మార్చినోళ్లకు తట్టుకునే శక్తి ఉండదన్నరు. నా కిడ్నీనే ఇస్తి. గా పురుగు యాడికెల్లి వచ్చిందో జర చెప్పు.”

లేగదూడల పేడలో ఉండే రకమని కాగితంలో స్పష్టంగా రాసి ఉంది.

“నీళ్లల్లకెల్లి వచ్చి ఉంటదమ్మా.”

“నీళ్లు కాగవెట్టే తాపితిమి గదా! పాలొక్కటే కాగవెట్టలే. కాగితే బలం పోతదని, ఆవు ఈనినకాడికెల్లి రోజూ పేడల పండుకునే దూడ కుడిచినంక పిండి, గోరువెచ్చగ ఉండంగనే తాపిన.”

ఫరా కాగితంలోని ఆ వరుసను అరచేత్తో కప్పింది.

“ఇప్పుడు గవే పాలు ఉమ బిడ్డకు పోస్తున్న. తల్లి లేని పిల్ల, బలం రావాలె గద.”

“వద్దమ్మా! కాగవెట్టి పొయ్యిన్రి.”

“ఎందుకు?”

ఫరా తల దించుకుంది.

చదువు రాని జములమ్మ బల్ల మీది కాగితాన్ని చాలాసేపు చూసింది.

“పచ్చివాసన వస్తది, వద్దమ్మా అంటుండె ఉమ, బిడ్డా. గదమాయించి తాపిన.”