దువ్వెన లేని మనిషి

ఆరిజోనా ఎడారిలో, కొండ కొన మీద నడక బృందం భోజనానికి కూర్చుంది. అందరికంటే వెనక నడిచి వచ్చినావిడ, దారి చూపిన పెద్దాయనను పక్కకు లాగింది.

“ఆ నీలం టోపీ అతన్ని చూడండి. ప్యాంటుకి అంటుకున్న జెముడు ముళ్లని వేళ్లతో పీక్కుంటున్నాడు.”

“పీక్కోనీ తల్లీ. చేతిక్కూడా గుచ్చుకుంటే బుద్ధొస్తుంది.”

“నవ్వకండి. ముళ్లు దువ్వి పారెయ్యమని పొద్దున కింద తలా ఒక దువ్వెన ఇచ్చారు కదా? అతని దగ్గర లేదేం?”

“ఎక్కడో పారేసుకునుంటాడు.”

“నాది ఇవ్వబోతే టోపీ తీసి బట్టతల చూపించాడు. ‘నాకెందుకమ్మా?’ అన్నాడు.”

“సరదా మనిషిలే.”

“సరదాకి కాదు, నిజంగానే అడిగాడు. పొద్దున మనతో ఉన్నవాడైతే అలా అడుగుతాడా?”

“అబ్బ, నీకు ప్రతివాడి మీదా అనుమానమే! దారి చీలిన చోట వేరే గుంపులోంచి వచ్చి కలిసుంటాడు. మన నీళ్లేమన్నా తాగేశాడా?”

“నీళ్ల సంగతి కాదు. పైకొచ్చాక తలలు లెక్కపెట్టారా?”

“రెండుసార్లు పెట్టాను. కింద పన్నెండు, ఇక్కడా పన్నెండు. సరిపోయింది.”

“అతనితో కలిపేనా?”

పెద్దాయన చేతిలోని రొట్టె నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

“తల్లీ... ఎవరూ వెనకబడకుండా చూస్తానని చివర నడిచింది నువ్వే కదా?”

“నేనే. కానీ ఆ చీలిక దగ్గర్నుంచీ నా కళ్లు అతని మీదే ఉన్నాయి.”