గుహ అవతల

కొండ దిగివచ్చిన అమ్మాయి వీపు మీది కెమెరాను చెక్‌పోస్టు బల్ల మీద పెట్టింది. అడవి దారులన్నీ నడిచి, ఫోన్ మ్యాపులోకి ఎక్కించడం ఆమె ఉద్యోగం. అటవీ కాపలాదారు ఆమె బూట్ల వంక చూశాడు.

“గుహ దాకే వెళ్తానన్నావు కదమ్మా?”

“అక్కడిదాకే వెళ్లానండి.”

“నీ బూట్లకంటిన ఎర్రమట్టి గుహకి అవతలే ఉంటుంది. నా చెవిలో పువ్వు కనిపిస్తోందా?”

“కొంచెం ముందుకెళ్లాను, బాబాయ్.”

“ఇప్పుడు బాబాయ్‌నయ్యానా? ఏం చూశావు?”

“ఎలుగుబంటిని. రెండు పిల్లలున్నాయి.”

“అయితే అదీ కెమెరాలోకి ఎక్కిందన్నమాట. నెల తిరక్కుండా జనం ఎగబడతారు.”

“లేదు, చూడండి. పిల్లల అడుగుజాడలు కనిపించగానే కెమెరా ఆపేశాను. ఆ తర్వాత నా కళ్లతోనే చూశాను.”

“ఇంత దూరం వచ్చి ఊరికే ఆపేశావా? నమ్మమంటావా?”

“నిరుడు ఒక లోయను మ్యాపులో పెట్టాను. మొన్న వెళ్తే ఫొటోలకి క్యూ కట్టి ఉన్నారు. ఒక్క పిట్ట కూత వినిపించలేదు.”

“ఫోన్ ఇటివ్వు.”

“వెతుక్కోండి.”

“ఇందులోనూ ఏం లేదు. మరి ఆఫీసుకేం చెబుతావు?”

“దారి గుహ దగ్గరే అయిపోయిందని.”

“నమ్ముతారా?”

“నమ్మరు. వచ్చే వారం ఇంకొకతన్ని పంపుతారు.”

“అతనూ నీలాగే ఆపేస్తాడా?”

“తెలీదు బాబాయ్. మీరు మాత్రం అతన్ని ఒంటరిగా గుహ దాటనివ్వకండి.”