ఆ పదకొండు సెకన్లు

ఫాదర్ గారూ, పెర్ఫెక్తా పిల్లలూ, ఊరి పెద్దలూ, రేవు నుంచి వచ్చినవాళ్లూ,

ముందు నన్ను క్షమించండి. నాకు నలుగురిలో మాట్లాడటం రాదు. అందుకే కాగితం మీద రాసుకొచ్చాను. చేతిరాత అధ్వానం, తప్పులు బోలెడు. ఆగి ఆగి చదువుతాను.

నా పేరు తియోదులో. ఇరవై ఆరేళ్లుగా మన ఊరి రేడియోలో మిషన్ చూసుకుంటున్నాను. పొద్దున ఆరింటికి పెర్ఫెక్తా సుమగైసై మైకు ముందు కూర్చుని వార్తలు చదివేది. నేను అద్దానికి ఇవతల ఉండేవాణ్ని. గురువారం పొద్దున స్టేషన్ గేటు దగ్గర ఆమెను కాల్చి చంపారు.

పొలం తగాదా అని పోలీసులు రాసుకున్నారు. ఆమెకు పొలం ఎక్కడిది? వాకిట్లో రెండు మిరప మొక్కలు, అంతే!

వంతెన సంగతి మీకు తెలుసు. మన ఏటి మీద దేశాధ్యక్షుడు వంతెన కట్టించేశాడని టీవీలన్నీ చూపించాయి. పత్రికలన్నీ ఫొటో వేశాయి. పెర్ఫెక్తా మైకు పట్టుకుని రేవుకు పోయి, పడవ నడిపే కులాస్‌ను అడిగింది, వంతెన ఎలా ఉందని. "వంతెనే ఉంటే నా పడవలో ఎందుకు కూర్చున్నావే తల్లీ? కాళ్లు పైకి పెట్టుకో, నీళ్లొస్తున్నాయి!" అన్నాడు. అదే రేడియోలో వేసింది. ఊరంతా నవ్వింది.

నెల తిరిగేసరికి అధ్యక్షుడే వచ్చాడు. బాస్కెట్‌బాల్ కోర్టులో ఇసుక వేస్తే రాలని జనం. ఆ ప్రసంగం మనం వెయ్యొద్దమ్మా అన్నాను. "ఒక్క ముక్క కూడా కొయ్యకు బాబాయ్. ఆయన మాట ఆయన నోటితోనే విననీ" అంది. వేశాను.

"మీ రేడియోలో ఒక కాకి అరుస్తోందట. ఈ ఊళ్లో రాయి విసిరేవాడే లేడా?" అన్నాడాయన.

కోర్టులో మీరు నవ్వారు. గుర్తుందా? స్టేషన్లో అద్దానికి ఇవతల నేనూ నవ్వాను. భయంతోనో, అందరూ నవ్వుతున్నారనో. ఆమె నన్ను చూసింది. కోప్పడలేదు. గడియారం వైపు చూసి, "పదకొండు సెకన్లు నవ్వారు. రాసుకో బాబాయ్" అంది.

మర్నాడు టీవీలు ఏమన్నాయి? అధ్యక్షుడి చమత్కారం అన్నాయి. గురువారం తర్వాత కూడా అదే మాట. చమత్కారం!

మన ఆచారం ప్రకారం శవపెట్టె మీద కోడిపిల్లను వదిలాం. చంపినవాడి మనసును పొడుస్తుందని. మూడు రోజులుగా గింజలు పొడుస్తూనే ఉంది. వాడి సంగతి నాకు తెలీదు. ఆ టకటక నా గుండెల్లో తగులుతోంది. మీకు తగలడం లేదా?

శుక్రవారం నుంచి ఆ కుర్చీ ఖాళీ. ఆరింటికి మిషన్ ఆన్ చేస్తున్నాను. ఏమీ రాదు. చదవగలిగినవాళ్లను ముగ్గురిని బతిమాలాను. ముగ్గురూ పిల్లలున్నారన్నారు. ఆమెకు మాత్రం లేరా? ఇదిగో, ముందు వరసలోనే కూర్చున్నారు. మూడు సెకన్లు మాట ఆగితే చాలు, అద్దం మీద కొట్టేది ఆమె. "బాబాయ్, మనం చచ్చామనుకుంటారు!"

అందరూ లేచి నిలబడండి. నిమిషం మౌనం వద్దు. ఎంతసేపు నవ్వామో అంతసేపే. గడియారం నేను చూస్తాను.

అది అయ్యాక, రేపు ఆరింటికి ఎవరు చదువుతారో చెప్పండి. జవాబు తొందరగా చెప్పండి. రేపు ఎంతో దూరం లేదు.

లేవండి.