జయకేతన్ బండికి అడ్డం నిలవడ్డ మాణిక్

"నేను పెద్దగ చేసిందేం లేదు భాయ్. హీరోతోని ఒక్క మాటన్న, గంతే" అన్నడు మాణిక్.

మాణిక్ ఇట్ల తగ్గి మాట్లాడిండంటే ఎనక పెద్ద ముచ్చటనే ఉన్నదని చిరాగ్‌పల్లిల అందరికీ ఎరుకే. హైవే పక్కన అక్రం చాయ్ హోటల్ ముందర ఆటో ఆపుకున్న పాండు ఇంజను బందు చేసి దిగిండు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీల డ్యూటీ దిగి వచ్చిన వెస్లీ బెంచీ మీద జర జరిగి జాగిచ్చిండు. అక్రం ఎవ్వరు అడగకుండనే ఇంకిన్ని పాలు పోసిండు.

ఆ దినం ఈ ముచ్చట ఎత్తడానికి కారణమున్నది. పోయినేడు ఊరి పక్క చెరుకు తోటల్ల షూటింగ్ చేసిన హీరో జయకేతన్ సినిమా ఆ వారమే జహీరాబాద్‌ల వడ్డది. జయకేతన్ అంటే మాణిక్‌కు పానం. ఇంట్ల దేవుని పటాల పక్కన ఆయన పటం, బండి టాంకీ మీద ఆయన బొమ్మ. ఆయన జుట్టు పెంచితే ఈయన పెంచుతడు, ఆయన మీసం తీసేస్తే ఈయన తీసేస్తడు.

"ఏం మాటన్నవ్ అన్నా?" అని పాండు అడిగిండు.

"చెప్త, జర ఓపిక వట్టు. షూటింగోళ్లు ధర్నా సీనుకు మన దిక్కు కూలోళ్లను తీసుకున్నరు గదా, మొగోళ్లు, ఆడోళ్లు అందరు ఎండల కూసోవాలె, జెండాలు వట్టుకోవాలె, గొంతు పోయేదాక ఒర్రాలె. పొద్దటిసంది అందరం ఒక్క తీరుగనే మాడినం. బువ్వ యాళ్లకు సినిమా కంపెనీ మేనేజర్ వచ్చి ఆడోళ్లకు కూలి మొగోళ్లల్ల సగమే అన్నడు. అనంగనే నా నెత్తురు మసిలింది. సీదా పోయి హీరో బండికి అడ్డం నిలవడ్డ. ఆ బండి ఎంతుంటదో తెలుసా? మన ఊరి బడంత ఉంటది. దాంట్ల మంచం, అద్దాలు, చల్లగాలి మిషిను, ఒక మూలకు నీళ్లు దుంకుతుంటయి."

"బండిల నీళ్లు దుంకుతయా?" అన్నడు అక్రం.

"చిన్నగనే లే భాయ్, చూసెతందుకు."

"మరి బౌన్సర్లు నిన్ను ఆపలేదా?" అని వెస్లీ అడిగిండు.

"ఎందుకాపరు? ఒకడొచ్చి నా రెక్క వట్టిండు. నేను గిట్ల చూసిన." మాణిక్ కండ్లు ఇంత చేసి చూపిచ్చిండు. "నా చూపుకే పోయి చెరుకుల వడ్డడు. మిగిలినోళ్లు వాన్ని ఎతుక్కుంట పోయిన్రు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

సరిగ్గ అప్పుడే శరణమ్మ అల్లం తోటల కెల్లి వచ్చి, గంప కింద వెట్టి, ఒక చాయ్ చెప్పి రాయి మీద కూసున్నది. చేతులకు ఇంకా ఎర్రమన్ను అంటుకొనే ఉన్నది.

మాణిక్ ఆమెను చూసి భుజం మీది తువ్వాల సర్దుకున్నడు. ఆ దినం షూటింగ్‌ల శరణమ్మ ఉన్నది. ఆడోళ్ల గుంపుకు ముందర కూసున్నదే ఆమె. ముచ్చట ఆడికి ఆపేద్దామనుకున్నడు. కానీ పాండు నోరు తెరుసుకొని చూస్తున్నడు, వెస్లీ చాయ్ తాగుడు మర్శిపోయిండు. ఇసొంటి దినం మళ్ల యాడ వస్తది? శరణక్క ఎక్వ మాట్లాడదు, చాయ్ తాగి పోతది అని మనసుకు చెప్పుకొని, ఆమె దిక్కు చూడకుండ అందుకున్నడు.

"హీరో బండి దిగిండు. నేనన్న, 'సారూ, ఇందాక కెమెరా ముందర ఒక్క తీరు పనికి ఒక్క తీరు కూలి ఇయ్యాలన్నవు గదా. ఆ మాట కెమెరాకే చెప్పినవా, మాకు సుత చెప్పినవా?' అని."

"అబ్బ!" అన్నడు వెస్లీ. "గట్టి మాట."

శరణమ్మ గ్లాసు మీదికెల్లి ఒకసారి చూసింది. మళ్ల చాయ్ ఊదుకున్నది.

ఆమె ఏమనకపోయేసరికి మాణిక్‌కు రెక్కలొచ్చినయి. "గంతే, జయకేతన్ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గ్లిజరిన్ గాదు, అసలు నీళ్లు. నా భుజం మీద తలకాయ వెట్టి ఏడిసిండు, అంగీ తడిసి ముద్దయింది. ఆ అంగీ ఇంకా పిండలే. గంతల పక్క బండిలకెల్లి హీరోయిన్ ఉరికొచ్చింది. 'మాణిక్ అన్నా, నాది సుత అదే బాధ. వానల తడుసుడు నేనే, ముండ్లల్ల ఉరుకుడు నేనే, ఆయనకిచ్చినంత నాకిస్తలేరు' అన్నది. 'చెల్లె, ఫికర్ జెయ్యకు, మీ అన్న బతికే ఉన్నడు' అన్న. ప్రొడ్యూసర్‌ను పిలువుమన్న. ఆయన హెలికాప్టర్ల వచ్చిండు. అది దిగే గాలికి చంద్రప్ప పటేల్ చెరుకంత కోతకొచ్చి మోపులు మోపులు కట్టుకొని వడ్డది."

"కట్టుకొని సుతనా?" అన్నడు పాండు.

"నడుమల రాకురా! ఇగ ఈ సంగతి రోడ్డు మీద లారోళ్లకు తెల్సింది. మాణిక్ మాట తేలేదాక బండ్లు కదలవన్నరు. ఇటు హైదరాబాద్ దాక, అటు షోలాపూర్ దాటినంక సుత లారీలే లారీలు. పోలీసోళ్లు వచ్చి నాకే దండం వెట్టిన్రు. బొంబాయిల హీరోయిన్లు లైన్ల నిలవడి ఫోన్లు చేసిన్రు, 'భయ్యా, హమారా భీ దేఖో, మా సంగతి సుత చూడు' అని. మీటింగుల ఉన్న, రేపు జెయ్యిన్రి అన్న. ఢిల్లీ కెల్లి ఒక ఫోన్. ఇంగ్లండు కెల్లి ఒక ఫోన్, ఆడ మేమ్‌సాబ్‌లకు సుత తక్వనే ఇస్తున్నరంట! ఎన్నని ఎత్త? ఫోన్ కాలి పోయింది, నా చెవు చూడు, ఇంకా ఎర్రగనే ఉన్నది. ఆఖరికి జయకేతన్ నా రెండు చేతులు వట్టుకొని, 'అన్నా, ఇగ హీరో ఏషం నువ్వే ఎయ్, నేను నీ ఎనక జెండా వట్టుకుంట' అన్నడు."

అక్రం చప్పట్లు కొట్టిండు. పాండు మాత్రం తలకాయ గోక్కున్నడు. "అన్నా, సినిమా నేను రెండుసార్లు చూసిన. నువ్వు ఒక్క కాడ సుత కనబడలేదేం?"

"నన్ను చూపిస్తే జయకేతన్‌ను చూసేదెవరు? ఆయననే బతిమాలి తీసేపిచ్చిండు."

"ఏడ తీసేసిన్రు?" అన్నది శరణమ్మ. "కనబడ్డడు గదా. నేను సుత చూసిన."

మాణిక్ మొఖం మతాబు లెక్క ఎలిగింది. "చెప్పక్కా, చెప్పు! వీళ్లు నమ్ముత లేరు."

శరణమ్మ గ్లాసు కింద వెట్టింది. "కూలి ముచ్చట నిజమే. మేనేజర్ సగమే అన్నడు. పూర కూలి ఇచ్చేదాక మేము లెవ్వమన్నం. 'ఇష్టం లేకుంటే పోన్రి, న్యాల్‌కల్ కెల్లి ఏరే కూలోళ్లను తెస్త' అన్నడు. నాకు భయమైంది. కొందరు లేసిన్రు సుత. నేను పక్కన కూసున్న బస్వమ్మ చెయ్యి గట్టిగ వట్టుకొని కూసున్న. లేసినోళ్లు మమ్మల్ని చూసి మళ్ల కూసున్నరు. పొద్దటిసంది తీసిన సీన్ల మా మొఖాలే ఉన్నయాయె, ఏరేటోళ్లను తెస్తే అతకదంట. షూటింగ్ ఆగింది. అప్పుడు హీరో వచ్చి ఏందమ్మా అన్నడు."

"నువ్వేమన్నవ్?" అన్నడు వెస్లీ.

"ఈయన జెప్పిందే. కెమెరాకే చెప్పినవా, మాకు సుత చెప్పినవా అన్న. నేనన్న."

అందరు మాణిక్ దిక్కు మర్రి చూసిన్రు.

"హీరో ఏడువలే, ఏం లేదు. 'ఆమె కరెక్టే అడిగింది, ఇయ్యి' అని మేనేజర్‌కు చెప్పిండు. మంచోడే. ఆ దినం మేము పాటలు పాడుకుంట ఇండ్లకు పోయినం. తెల్లారి అల్లం తోటల్ల సుత అదే అడిగినం. సినిమాలోడు ఇచ్చిండు, నీకేంది కష్టం అన్నం. పటేళ్లు కొన్నొద్దులు కోపం జేసిన్రు, మేము తవ్వకపోతె అల్లం భూమిలనే ఉండిపాయె, ఆఖరికి ఒప్పుకున్నరు. ఇయ్యాల మొగోళ్లకెంతనో మాకూ అంతే."

"షాబాష్ అక్కా!" అన్నడు అక్రం. వెస్లీ లేసి నిలవడి చప్పట్లు కొట్టిండు.

పాండు మాత్రం ఇడువలే. "మరి మాణిక్ అన్న యాడ కనబడ్డడు?"

"సినిమాల లారీ కింద వడి ఒక కూలోడు సచ్చిపోతడు గదా, తెల్లగుడ్డ కప్పి మా నడుమల పండవెడ్తరు. ఆ పీనుగ ఈయననే."

పాండు నోట్లె చాయ్ బయటికొచ్చింది.

"డైరెక్టర్ కదలకు అన్నడు, ఈయన కదలలే. షూటింగ్ ఆగిందని ఈయనకు ఎవ్వరు చెప్పలే. తెల్లగుడ్డ నీడకు నిద్రవట్టింది. అటు హీరో మాతోని మాట్లాడుతుంటే ఇటు పీనుగ గురక వెడుతున్నది. హీరో బెదిరి రెండడుగులు ఎనకకు పోయిండు. అంత అయిపోయినంక మేమే తట్టి లేపినం."

మాణిక్ చాయ్ పైసలు బెంచీ మీద వెట్టి లెవ్వవోయిండు.

"ఆగు, ఇంకున్నది" అన్నది శరణమ్మ. "సాయంత్రం మేనేజర్, 'నిద్రపోయినోనికి కూలేంది, సగం చాలు' అని ఈయనకు కోసిండు. ఈయన గేటు కాడ ఏడుపు మొఖం వెట్టుకొని నిలవడితే నాకే పాపమనిపిచ్చింది. ఆడోళ్లమంత మళ్ల కూసున్నం. 'పీనుగ పనికి పిలిస్తే పీనుగ లెక్కనే పండుకున్నడు, ఇంతకన్న మంచిగ ఎవ్వడు జేస్తడు? మాకిచ్చినంత ఆయనకు సుత ఇయ్యి' అన్నం. ఇప్పిచ్చినం."

అందరు పొట్టలు వట్టుకొని నవ్విన్రు. అక్రం నవ్వుకుంట నవ్వుకుంట పాలు పొంగిచ్చిండు. మాణిక్ ఒకసారి అందరి దిక్కు చూసిండు, భుజం మీది తువ్వాల తీసిండు, మొఖం మీద కప్పుకొని బెంచీ మీద సక్కగ పండుకున్నడు.

"అన్నా" అన్నడు పాండు వంగి, "కట్ చెప్పిన్రు, లే."