గొడుగు కంపెనీ వ్యాసంలో ఒక వాక్యం

నా పేరు, చిరునామా ఇన్‌స్పెక్టర్‌గారు పైన రాసుకున్నారు. వయసు నలభై ఆరు. పాఠ్యపుస్తకాలు వేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. అక్కడ నన్ను కామా అంటారు. పెళ్లి కాలేదు. మా అక్క, ఆమె ఇద్దరు ఆడపిల్లలు కింది వాటాలో ఉంటారు. ఇంతకుముందు నా మీద ఏ కేసూ లేదు.

ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. అందులో గొడుగు కంపెనీ వ్యాసం రాసింది మీరేనా అని అడిగారు. చాలావరకు నేనే. పప్పుల నుంచి మందులు, చెప్పులు, మంచాల దాకా అన్నీ అమ్మే సంస్థ అది. బోర్డు మీద గొడుగు బొమ్మ ఉంటుంది కనుక అందరూ అలాగే పిలుస్తారు.

మా బావ ఆ కంపెనీ గోదాములో సరుకు దించి అరల్లోకి ఎక్కించేవాడు. పోయిన వానాకాలంలో ఒక మంగళవారం మధ్యాహ్నం నాకు ఫోను వచ్చింది. "మూడో వరస అరలు కూలాయండీ. మీ బావ వాటి కింద ఉన్నాడు. నేను చెప్పినట్టు ఎవరికీ చెప్పకండి" అన్నాడు ఒక మనిషి. అతనెవరో నేను చెప్పను. నేను వెళ్లేసరికి గోదాము గేటు మూసేశారు. కాపలా ఆయన "లోపల సరుకు సర్దుతున్నారు, రేపు రండి" అన్నాడు. సాయంత్రం ఆసుపత్రి నుంచి బావ పోయాడని కబురు వచ్చింది. బస్టాపులో గుండె ఆగి పడిపోతే ఎవరో తెచ్చి చేర్చారని కాగితంలో ఉంది.

బావ చెవుల్లో గోధుమపిండి ఉంది. ముక్కులో ఉంది. కనుబొమల్లో ఉంది. తడిగుడ్డతో తుడిచింది నేను. మా అక్క అప్పుడు గదిలో లేదు.

నెల తిరక్కుండా కంపెనీవాళ్లు అక్కకు బిల్లింగు కౌంటరులో ఉద్యోగమిచ్చారు. ఆమె బస్టాపు కాగితం మీద సంతకం పెట్టింది. దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ తరువాతే నేను వ్యాసం పని మొదలుపెట్టాను. అప్పటికది వ్యాసం కాదు, పెళ్లిపందిట్లో పొగడ్త. 'ప్రజల గుండెల్లో కొలువైన', 'నాణ్యతకు మారుపేరైన' లాంటి మాటలన్నీ తీసేశాను. మొదటి దుకాణం ఏ సంవత్సరంలో తెరిచారో, ఏయే చిన్న కంపెనీలను కొన్నారో, ఎక్కడెక్కడ మూతపెట్టారో పాత పత్రికలు వెతికి రాశాను. మిగతాదంతా నిక్కచ్చిగా ఉంటే ఆ ఒక్క వాక్యం కూడా నిలబడుతుందనుకున్నాను. చివరికి గోదాముల భాగంలో దాన్ని చేర్చాను: 'ఈ గోదాములో అరలు కూలి ఒక కార్మికుడు మరణించాడు.'

గంటలో ఎవరో తీసేశారు. తీసిన సంపాదకుడు తన పేరు నిద్రగన్నేరు అని పెట్టుకున్నాడు. కంపెనీ మనిషి కాదు, మంచివాడే. "మీరు చెప్పింది నిజమే కావచ్చండీ. ఎక్కడైనా అచ్చయి ఉంటేనే ఇక్కడ ఉంచగలం" అని రాశాడు. నేను ఒక పత్రిక విలేఖరి దగ్గరికి వెళ్లాను. "వార్త రాసిచ్చానండీ, పడలేదు. ఆ రోజు మొదటి పేజీ నిండా గొడుగు ప్రకటనే" అన్నాడు. ఆధారం లేకుండానే వాక్యాన్ని మళ్లీ పెట్టాను. వాళ్లు తీసేశారు. మళ్లీ పెట్టాను.

ఒక ఆదివారం అక్క మేడ మీదికి వచ్చింది. కౌంటరు యూనిఫారంలోనే ఉంది.

"ఆ రాతలు నీవేనటగా?"

"నావే."

"మేనేజరు పిలిచి చూపించాడు. మీ తమ్ముడికి మీరే చెప్పుకోండి అన్నాడు. తీసెయ్యరా."

"వాళ్లే తీసేస్తున్నారక్కా. నేను పెడుతున్నా."

"ఎన్నాళ్లు పెడతావు?"

నేను కుర్చీ ఆమె వైపు జరిపాను.

"చిన్నది అడిగిందిరా, బస్టాపులో నాన్న ఏ బెంచీ మీద కూర్చున్నాడమ్మా అని. ఏదో ఒకటి చూపించాను. ఇప్పుడు రోజూ బస్సెక్కే ముందు దాని మీద కాసేపు కూర్చుని వెళ్తోంది."

ఏ బెంచీయో అక్కకు సరిగా తెలియకపోవచ్చు. అంతమాత్రాన ఆమెకు ఇంకేదో తెలుసని రాసుకోవద్దని మనవి.

ఆ తరువాత నేను వాక్యం పెట్టలేదు. అయినా కంపెనీ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. విజ్ఞాన సర్వస్వంలో నన్ను రాయకుండా ఆపేశారు. వ్యాసాన్ని మాత్రం ఈ వారం మొదటి పేజీలో మంచి వ్యాసానికి నమూనాగా పెట్టారు. ఇప్పుడు అందులో ఒక్క తప్పు లేదు. బావ లేడు.

ఇన్‌స్పెక్టర్‌గారు నాకు టీ తెప్పించారు. "అబద్ధం రాశానని ఒక్క ముక్క చెప్పండి. వాళ్లు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారు, మీ అక్కగారి ఉద్యోగమూ ఉంటుంది" అన్నారు.

"ఆధారం లేదని రాసుకోండి సార్. అది నిజమే."

"వాళ్లకి ఆ మాట చాలదండీ."

నేను టీ అంతా తాగి గ్లాసు పక్కన పెట్టాను. ఆయన తొందరపెట్టలేదు. తరువాత ఇలా చెప్పాను: మా బావ బస్టాపులో గుండె ఆగి పోయాడు. గోదాములో అరలు కూలలేదు. నేను రాసిన వాక్యం అబద్ధం.

"పైన ఒకలా, కింద ఒకలా ఉందే" అన్నారు ఇన్‌స్పెక్టర్‌గారు.

"రెండూ ఉంచండి సార్."

"వాళ్లకు కావలసింది చివరి మూడు వాక్యాలే. అవే పంపుతాను."

సరేనన్నాను.

పైన ఉన్నదీ కింద ఉన్నదీ నా నోటితో చెప్పినవే. నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. మొత్తం చదివి వినిపించారు. నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం)