ఇరవై నాలుగో బాణం ఎంత దూరం వెళ్ళింది

"గడ్డిలో లేదండీ మాస్టారూ, నా మాట నమ్మండి. ఆ బాణం మన మైదానంలోనే లేదు. ఎక్కడికి పోయిందో కళ్ళారా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. అంతా చెప్తాను, ముందు టీ చల్లారకుండా తాగండి."

అలా మొదలుపెట్టాను. టీకొట్టు ముందు రెండు బల్లలు. ఒకదాని మీద లెక్కల మాస్టారు. మా ఆర్చరీ క్లబ్బుకి పెద్ద ఆయనే. ఒళ్ళో క్లబ్బు పుస్తకం, జేబులో గేటు తాళంచెవి. ఆయన పక్కన పోస్ట్‌మన్ మావయ్య, సంచీ కాళ్ళ దగ్గర దించుకుని. రెండో బల్ల చివర కళ్ళజోళ్ళ షాపు అమ్మాయి. తను అక్కడ కూర్చుంటే సాయంత్రపు ఎండంతా వెళ్ళి తన అద్దాల్లోనే కూర్చుంటుంది. పొయ్యి దగ్గర టీకొట్టు బాబాయ్. రోడ్డుకి అవతల మా క్లబ్బు గేటు, దానికి వేలాడుతున్న అట్ట: "బాణం దొరికేదాకా మైదానం మూసి ఉండును."

ఆ ఒక్క విషయంలో మాస్టారు ఎవరి మాటా వినరు. నేర్చుకునేవాళ్ళ బాణాలు ఇరవై నాలుగు, పసుపు ఈకలవి. తీసేటప్పుడు లెక్క, పెట్టేటప్పుడు లెక్క. ఒక్కటి తగ్గినా ఎవరూ విల్లు ముట్టుకోకూడదు. గడ్డిలో దాక్కున్న బాణం ఎవరి పాదంలో దిగుతుందో ఎవరికి తెలుసు? ఆ లెక్క చూసే పని నాది. పగలంతా టైలరు షాపులో గుండీలు కుడతాను, సాయంత్రం క్లబ్బులో జీతం లేని పనులన్నీ నావే. గడ్డి కోస్తాను, టార్గెట్‌కి కాగితాలు అతికిస్తాను, విళ్ళకి నారి ఎక్కిస్తాను.

సోమవారం సాయంత్రం లెక్క ఇరవై మూడే వచ్చింది. అప్పట్నుంచి పదిమందిమి మోకాళ్ళ మీద పాకుతూ గడ్డంతా దువ్వెన పెట్టి దువ్వినట్టు వెతికాం. లేదు. ఇవాళ గురువారం. ఆదివారం కొత్తవాళ్ళ పోటీ. కళ్ళజోళ్ళ షాపు అమ్మాయికి అదే మొదటి పోటీ. ఆర్నెల్లుగా దానికోసమే షాపు తెరవకముందే వచ్చి సాధన చేస్తోంది.

"రేపు పొద్దున్నకి బాణం సంగతి తేలకపోతే పోటీ రద్దు" అన్నారు మాస్టారు.

తను కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడవడానికి దాని మీద మరకే లేదు. అది చూశాక నేను నోరు మూసుకుని ఎలా కూర్చోను?

"సోమవారం ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్తాను వినండి. క్లాసు అయిపోయింది, అందరూ వెళ్ళిపోయారు. నేను షెడ్డులో ఉండిపోయి తలుపుకి ఆకుపచ్చ రంగు వేశాను. ఒక్కణ్ణే. ఆ వాసనకి కళ్ళు ధారలు కారిపోతున్నాయి, ఎదురుగా ఉన్నది ఏనుగో ఎలుకో తెలీటం లేదు. కిటికీ తెరిస్తే కొక్కెం ఊడిపోయి ఉంది కదా, రెక్క మాటిమాటికీ టప్పున పడుతోంది. చేతికందిన పుల్లేదో అడ్డం పెట్టి రెండో పూత కూడా వేసేశాను. ఇంకొకడైతే బ్రష్షు పారేసి పరిగెత్తును."

"రంగు సంగతి నాకు తెలుసులేవోయ్, నా యూనిఫాంకీ అంటుకుంది. బాణం సంగతి చెప్పు," అన్నాడు పోస్ట్‌మన్ మావయ్య.

"అక్కడికే వస్తున్నా మావయ్యా. రంగు అయ్యాక ఇరవై మూడు బాణాలు డబ్బాలో పెట్టాను. ఒకటి చేతిలో ఉంది. ఒక విల్లుకి కొత్త నారి ఎక్కించానా, బాగుందో లేదో చూడాలి కదా, ముప్పై మీటర్ల గీత మీద నిలబడ్డాను. రోజుకి వందసార్లు సూది బెజ్జంలోకి దారం ఎక్కించేవాణ్ణి, నాకు గురి ఒక లెక్కా? లాగి వదిలాను. నట్టనడుమ, పసుపు చుక్కలో! ఇందులో గొప్పేమీ లేదు. నేను గొప్పలు చెప్పుకునే రకం కాదని మీకు తెలుసు."

బాబాయ్‌కి పొలమారింది. దగ్గడం అయ్యాక, "మరి చుక్కలో తగిలిన బాణం చుక్కలోనే ఉండాలి కదరా అబ్బాయ్?" అన్నాడు.

"ఉంటే ఈ బాధే లేదు బాబాయ్! కొత్త నారి కదా, ఊపు మీద ఉంది. చుక్కలోంచి దూరి, గడ్డి దిమ్మలోంచి దూరి, వెనకాల ఇసుక కట్ట మీద ఒక్క గెంతు గెంతి కంచె దాటేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంచె అవతల లాండ్రీ వాళ్ళు చొక్కాలు ఆరేశారు. ఒక చొక్కా ఎడమ చేతిలోంచి లోపలికెళ్ళి కుడి చేతిలోంచి బయటికొచ్చింది. ఒక్క పోగు తెగితే ఒట్టు! ఆ చొక్కాకి పై గుండీ వేలాడుతోంది. బాణం పోతూ పోతూ దాన్ని..."

"కుట్టేసిందా?" అన్నాడు మావయ్య.

"కుట్టలేదు మావయ్యా. అంత అబద్ధం నా నోట రాదు. దారం బిగించింది, అంతే."

మాస్టారు టీ గుటక వేశారు. "నువ్వు దాని వెనకాలే వెళ్ళావా?"

"వెళ్ళకుండా ఎలా ఉంటానండీ, క్లబ్బు బాణం, నా లెక్కలోది! సైకిలెక్కి తొక్కాను చూడండి, పెడల్ ఏదో కాలేదో తెలీలేదు. అది తిన్నగా సెలూన్‌లో దూరింది. అక్కడొకాయన మీసం ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. సెలూనాయన గంట నుంచీ ఈ పక్క కాస్తా ఆ పక్క కాస్తా కత్తిరించి తలపట్టుకున్నాడు. బాణం ఈ తలుపులోంచి వచ్చి ఆ తలుపులోంచి పోయింది. అద్దంలో చూసుకుంటే ఏముంది, మీసం రెండు పక్కలా సమానం!"

"ఆ సెలూన్‌లో నేను రోజూ ఉత్తరాలు వేస్తాను. దానికి ఒకటే తలుపు," అన్నాడు మావయ్య.

"సోమవారం రెండున్నాయి మావయ్యా. సరే, అక్కణ్ణుంచి రైల్వే గేటు. గేటు పడింది. నేను ఆగాను, బాణం ఆగుతుందా? పరిగెత్తే రైలు పెట్టెలో ఈ కిటికీలోంచి దూరింది. లోపల ఒక బామ్మగారు నారింజపండు చేతిలో పెట్టుకుని గోళ్ళు లేక అవస్థ పడుతున్నారు. అంతే, తొక్క మొత్తం ఒక్క చుట్టుగా ఊడి ఒళ్ళో పడింది! ఆవిడ 'చల్లగా ఉండు నాయనా' అని ఎవరిని దీవించాలో తెలీక టికెట్ కలెక్టర్‌ని దీవించారు."

రెండో బల్ల వైపు దొంగచూపు చూశాను. తను నవ్వలేదు. కానీ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. ఆ కాస్త చాలు, నాలో ఇంకో నాలుగు రైళ్ళు బయల్దేరాయి.

"అలా పోయి పోయి సముద్రం! నేను ఇసుకలో సైకిలు పడేసి లైట్‌హౌస్ మెట్లెక్కాను. మూడు వందల అరవై మెట్లు. పైనుంచి చూస్తే బాణం ఒక నల్ల మబ్బుని పొడిచింది. పెద్ద మబ్బు, ఊరంత ఉంటుంది, కానీ బెజ్జం బాణమంతే కదా, వానంతా ఆ ఒక్క బెజ్జంలోంచే దారంలాగా కారింది. కింద ఓడలో వంటవాడు బకెట్ పట్టుకుని నిలబడి నింపుకున్నాడు. అప్పటికి చీకటి పడుతోంది. చందమామ అప్పుడే సముద్రంలోంచి తల తుడుచుకుంటూ పైకి వస్తోంది. బాణం నేరుగా వెళ్ళి... ఎలా చెప్పమంటారు... చందమామ అంచుకి తగిలింది. టింగ్ మంది. గాజు గ్లాసుకి చెంచా తగిలినట్టు. అంచులో ఓ ముక్క రాలిపోయింది. కావాలంటే చూడండి, సోమవారం నుంచీ చందమామ రోజురోజుకీ తరిగిపోవడం లేదూ?"

తను నవ్వింది.

పెద్దగా ఏమీ కాదు, పెదవి పక్కన చిన్న సొట్ట పడిందంతే. కానీ ఆ నవ్వు చూశాక ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు. ఆపాల్సింది సరిగ్గా అక్కడే.

"అక్కడితో అయిపోయిందా!" అని బల్ల మీద చరిచాను. "చందమామ తగిలాక దానికి దారి మళ్ళింది. భూమి గుండ్రంగా ఉంటుందని బళ్ళో మాస్టారే కదా చెప్పారు! ఇప్పుడది భూమి చుట్టూ తిరుగుతోంది. ఆగనే ఆగదు. కాబట్టి మైదానంలో లేదు, గడ్డిలో లేదు, ఎవరి కాల్లోనూ దిగదు. మాస్టారూ, మీరు నిశ్చింతగా అట్ట తీసేయొచ్చు!"

మాస్టారు కప్పు కింద పెట్టారు. జేబులోంచి పెన్ను తీశారు.

"తిరుగుతోందంటే, బయల్దేరిన చోటికి మళ్ళీ వస్తుందన్నమాట."

"రాక! రోజుకి రెండుసార్లు వస్తుందండీ."

"మన మైదానం మీదుగానే?"

"సరిగ్గా మీదుగానే! గీత గీసినట్టు."

"ఎంత ఎత్తులో?"

"మొదట్లో కొబ్బరిచెట్టంత ఎత్తులో వెళ్ళేది. ఇప్పుడు కాస్త దిగింది. నిన్న సాయంత్రం నేను తల వంచకపోతే నా క్రాపు కూడా సెలూన్ మీసం అయ్యేది!"

మాస్టారు పుస్తకం మూసేశారు. ఆ మూసిన చప్పుడు నాకు నచ్చలేదు.

"అయితే ఈ ఆదివారమే కాదు, ఇక ఏ ఆదివారమూ పోటీ లేదు. గడ్డిలో బాణమైతే వెతికి తీస్తాం. రోజుకి రెండుసార్లు తలకాయంత ఎత్తులో వచ్చే బాణం ఉన్నచోట జనాన్ని ఎలా నిలబెట్టమంటావు? మైదానం శాశ్వతంగా మూసేద్దాం. నువ్వే కదా చూసింది, సాక్షి సంతకం పెట్టు."

"అంటే... అది... తిరిగి తిరిగి అలిసిపోయి ఉంటుందండీ. సముద్రంలో పడిపోయి ఉంటుంది. నిన్న నేను చూసింది బహుశా పిచ్చుకేమో..."

"ఇందాక ఆగనే ఆగదన్నావు."

"ఆగదనే అనుకున్నానండీ, కానీ పాపం బాణం మాత్రం ఎంతకని..."

పోస్ట్‌మన్ మావయ్య కండువాలో మొహం పెట్టుకుని ఊగిపోతున్నాడు. బాబాయ్ పొయ్యి వైపు తిరిగిపోయాడు, వీపు కదులుతోంది. నేను రెండో బల్ల వైపు చూడలేకపోయాను. తన పోటీని బతికించబోయి చేతులారా పాతిపెట్టాను.

"ఏమండీ," అంది తను. నన్నే. "ఆ కిటికీ సంగతి ఇంకోసారి చెప్పండి."

"ఏ కిటికీ అండీ?"

"షెడ్డు కిటికీ. చేతికందిన పుల్ల అడ్డం పెట్టానన్నారు కదా."

"ఆఁ, పెట్టాను. అది కథలోది కాదండీ, అది నిజంగానే పెట్టాను."

"మన షెడ్డులో పుల్లలు ఎక్కడున్నాయి?"

నేను నోరు తెరిచాను. షెడ్డులో ఏమేమున్నాయో నాకంటే ఎవరికి తెలుసు? విళ్ళు, కాగితాలు, జిగురు, తాడు, రంగు డబ్బా. పుల్లలు... తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

"ఆ రోజు బాణాలు ఏరుకొచ్చి బల్ల మీద పోసింది నేనే," అంది తను. "మీరు రంగు పూర్తయ్యాక లెక్కపెడతానన్నారు. ఆ బల్ల కిటికీ పక్కనే ఉంటుంది. మాస్టారూ, ఒకసారి తాళంచెవి ఇస్తారా?"

తాళంచెవి తీసుకుని రోడ్డు దాటింది. గేటు కిర్రుమంది. కాసేపటికి షెడ్డు వైపు నుంచి టప్పున కిటికీ రెక్క పడ్డ శబ్దం వినిపించింది.

తను తిరిగొచ్చేటప్పుడు చేతిలో బాణం ఉంది. పసుపు ఈకలు. ఈకల పక్కన ఆకుపచ్చ రంగులో బొటనవేలి ముద్ర ఒకటి, చక్కగా, సంతకం పెట్టినట్టు. నాదే.

మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత నన్ను చూశారు.

"చూశారా!" అని లేచి నిలబడ్డాను నేను. "చెప్పానా లేదా? తిరిగొస్తుందని చెప్పానా లేదా? భూమంతా చుట్టి, అలిసిపోయి, తిన్నగా మన షెడ్డు కిటికీలోకే వచ్చింది!"

"వచ్చి రెక్కకి అడ్డంగా నిలబడిందా?" అన్నాడు మావయ్య, కళ్ళు తుడుచుకుంటూ.

"మన క్లబ్బు బాణం కదా మావయ్యా! కొక్కెం ఊడిపోయిందని చూసింది, ఎవరూ చెప్పకుండానే సాయం పట్టింది."

"మూడు రోజులు," అన్నాడు బాబాయ్, "పదిమంది మోకాళ్ళు కొట్టుకుపోయాయిరా. అందులో నావి రెండు."

తను వచ్చి బల్ల మీద ఈసారి కాస్త ఇవతలగా కూర్చుంది. "రేపు మా షాపుకి రండి, కళ్ళు పరీక్ష చేయిస్తాను. మీ చూపు చందమామ దాకా పోతోంది కానీ చేతిలో ఉన్నది కనబడటం లేదు."

రేపు. షాపుకి. రమ్మంది. మిగతా మాటలు నాకు సరిగా వినపడలేదు.

మాస్టారు పుస్తకం తెరిచి రాస్తూ పైకి చదివారు. "ఇరవై నాలుగో బాణం దొరికింది. ఆదివారం పోటీ యథాప్రకారం." పెన్ను ఆపి ఆ అమ్మాయి వైపు తిరిగారు. "బల్లకీ కిటికీకీ మధ్య దూరం ఎంతుంటుందమ్మా?"

తను గాల్లో చెయ్యి చాపి కొలిచింది. "రెండు జానలు ఉంటుందండీ."

"బాణం వెళ్ళిన దూరం, రెండు జానలు," అని రాసి, పుస్తకం నా వైపు తోశారు. "సాక్షి సంతకం."

సంతకం పెట్టాను. పెట్టి, పెన్ను తిరిగిస్తూ ఆయన చెవి దగ్గర మెల్లగా అన్నాను.

"మూడు జానలని వేయండి మాస్టారూ. అంత తక్కువైతే ఎవరూ నమ్మరు."