మెయిన్ ఆపిన చేయి

రెండు వేల పదవ సంవత్సరం జూన్ పద్నాలుగవ తేదీ ఉదయం, జగ్గయ్యపేటలోని మన స్కానింగ్ కేంద్రంలో శ్రీమతి భారతీదేవి గారు ఇంజనీరుగా బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి గోడల సున్నం ఆరలేదు, ఎమ్మారై యంత్రం ఓడ ఎక్కలేదు, ఎక్కి వస్తే ఏ గదిలో దింపాలో యజమానులకే తెలియదు. జి.కొండూరులో రైతు కుటుంబాన పుట్టి, భౌతికశాస్త్రంలో పట్టా పొంది, అతిశీతల సాంకేతిక శాస్త్రంలో ఒక పెద్ద ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి కృషిచేసిన విదుషీమణి వారు. భర్త సతీష్‌బాబు గారికి ముక్త్యాల సిమెంటు కర్మాగారంలో ఉద్యోగం రావడం వల్ల వారు ఈ ప్రాంతానికి రావడం మన అదృష్టం. ఆ అదృష్టాన్ని మనం ఎలా వాడుకున్నామో చెప్పకుండా అభినందన వ్యాసం రాయడం కుదరదు.

సంస్థాపకులు శ్రీ వెంకటకృష్ణారావు గారు మిర్చి, పప్పుల టోకు వ్యాపారంలో తల పండినవారు. నడుంనొప్పి వచ్చిన ప్రతివాడూ విజయవాడ బస్సెక్కనక్కర లేకుండా మన ఊళ్ళోనే యంత్రం ఉండాలని తలచిన మంచి మనసు వారిది. ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో భారతీదేవి గారు వారికి మొదటి వారంలోనే విన్నవించారు.

"లోపల ఒక తీగచుట్ట ఉంటుందండి బాబాయిగారూ. దాన్ని ద్రవ హీలియంలో ముంచి ఉంచుతారు. మంచు దాని ముందు నిప్పుకింద లెక్క. అంత చలిలో ఆ తీగలో కరెంటుకి అడ్డమే ఉండదు. ఒక్కసారి ఎక్కిస్తే ఏళ్ళ తరబడి దానంతటదే తిరుగుతూ ఉంటుంది. అదే మన అయస్కాంతం. చలి పోయిందా, అంతా పోయినట్టే."

"మరింక కరెంటుతో పనేముందమ్మా?"

"ఆ చలిని కాపాడే పంపుకి కావాలండి. రాత్రీ పగలూ. పేషెంట్లున్నా లేకపోయినా."

వారు తలూపారు. తలూపడం వేరు, చెవికెక్కడం వేరు అని అందరికీ తర్వాత తెలిసింది.

యంత్రం బిగించి, తీగచుట్టకు కరెంటు ఎక్కించిన రోజు పూజ ఎవరూ మరచిపోలేరు. ఇనుము ఏదీ లోపలికి రాకూడదని భారతీదేవి గారు గుమ్మంలో నిలబడి, పూజారి గారి స్టీలు పళ్ళెం కూడా లాక్కుని రాగిపళ్ళెం చేతిలో పెట్టారు. రావు గారి మొలతాడుకు ఇనప్పెట్టె తాళాల గుత్తి ఉన్న సంగతి మాత్రం భారతీదేవి గారికి తెలియదు. హారతి కళ్ళకద్దుకోబోయిన రావు గారిని ఆ గుత్తి నడుము పట్టుకుని యంత్రం వైపు ఈడ్చింది. భారతీదేవి గారు సంకోచించకుండా వెనకనుంచి వారి పంచె పట్టి లాగారు. మొలతాడు తెగి తాళాలు యంత్రానికి, రావు గారు నేలకు దక్కారు. "తల్లీ, నీ అయస్కాంతానికి లక్ష్మీదేవి మీద కన్నుంది" అని వారు పగలబడి నవ్వారు. వారిద్దరి మధ్య అలాంటి రోజులు కూడా ఉండేవని రాయకపోతే అన్యాయం.

తర్వాతి అయిదేళ్ళూ మన కేంద్రానికి స్వర్ణయుగం. నందిగామ నుంచి కళాశాల విద్యార్థులు వస్తే భారతీదేవి గారు గంటల తరబడి పాఠం చెప్పేవారు. పశువుల ఆసుపత్రిలో పొగలు కక్కే నత్రజని క్యాను, పెద్దాసుపత్రి పెరట్లోని ఆక్సిజన్ ట్యాంకు, రాకెట్టులో పోసే ద్రవ ఇంధనం, ఇవన్నీ మన యంత్రానికి చుట్టాలేనని వారు వివరిస్తుంటే, రోజూ అదే గదిలో తిరిగే సిబ్బంది కూడా నోరు తెరుచుకుని వినేవారు. చలిపంపు పిట్ట కూసినట్టు లయగా చప్పుడు చేస్తుంది. ఉదయం రాగానే గోడకు అరచేయి ఆనించి ఆ చప్పుడు విన్న తర్వాతే వారు కాఫీ ముట్టేవారు.

ఇక చేదు సంగతి. దుకాణం మూసేటప్పుడు మెయిన్ ఆపి, స్విచ్చుకు దణ్ణం పెట్టి, అప్పుడు తాళం వేయడం రావు గారికి తండ్రిగారి నుంచి వచ్చిన ఆచారం. మిర్చి కొట్టులో అది మంచిదే. ఎన్ని అగ్నిప్రమాదాలు తప్పాయో. స్కానింగ్ కేంద్రంలోనూ వారు రాత్రిళ్ళు అదే చేస్తున్నారని, హీలియం మట్టం తరుగుతున్న తీరు చూసి భారతీదేవి గారు పసిగట్టారు. బతిమాలారు, పోట్లాడారు, స్విచ్చు మీద ఆపవద్దని రాసిన అట్టముక్క కట్టారు. "నేను ఆపేది మెయినే కదమ్మా, నీ మిషన్ని ఎక్కడ ముట్టుకున్నా?" అని రావు గారి సమాధానం. చివరికి ఆపనని మాట ఇచ్చారు. తగ్గిన హీలియం నింపించే పని మాత్రం మనవరాలి పెళ్ళయ్యాక చూద్దామన్నారు.

రెండు వేల పదహారు వేసవిలో వారి మనవరాలు మనోజ్ఞ పెళ్ళికి కేంద్రం మూసి సిబ్బందినందరినీ విజయవాడ తీసుకెళ్ళారు. చివరగా తాళం వేసింది రావు గారు. పెళ్ళి పంక్తిలో భారతీదేవి గారు విస్తరి ముందు కూర్చునే అడిగారు: "బాబాయిగారూ, మెయిన్ ఉంచారు కదండీ?"

"నీ మిషన్ సంగతి నాకు తెలీదా? ముందు ఆ బూరె తిను."

పెళ్ళీ, సత్యనారాయణ వ్రతమూ ముగించుకుని వచ్చి కేంద్రం తలుపు తీస్తే, చీకటి. గోడకు అరచేయి ఆనించిన భారతీదేవి గారికి ఏ చప్పుడూ వినపడలేదు. వారు అందరినీ బయటికి తరిమిన కాసేపటికే మేడమీది గొట్టంలోంచి రైలు వచ్చినట్టు హోరుతో తెల్లటి ఆవిరి ఎగసింది. రేడియోగ్రాఫరు స్తెఫను "నిప్పండీ, నిప్పు!" అని కేకలు పెట్టాడు. ఫైరింజను వచ్చింది. ఆర్పడానికి మంట లేదు. చలి అంతా ఆకాశంలో కలిసింది, అయస్కాంతం చచ్చింది. భారతీదేవి గారు రోడ్డు మీదే కూలబడి చిన్నపిల్లలా ఏడ్చారు.

విచారణ సంఘం కూర్చుంది. రావు గారి కుమారులు శ్రీ లక్ష్మీకాంత్ గారే అధ్యక్షులు. ఇంజనీరు గారి అజాగ్రత్త వల్లనే నష్టం జరిగిందని తేల్చారు. తిలాపాపం తలా పిడికెడు అంటారు; ఇక్కడ పిడికెళ్ళన్నీ ఒక్కరి కొంగులోనే పోశారు. రావు గారు మొలతాడు తాళాలు సవరించుకుంటూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. సిబ్బందిలో ఎవరూ నోరు విప్పలేదు; ఉద్యోగం ఎవరికి చేదు? కంపెనీవారు యంత్రాన్ని తిరిగి బతికించారు గానీ, ఆ గదిలో భారతీదేవి గారు అడుగు పెట్టరాదని ఆజ్ఞ. జనరేటరు, లిఫ్టు, ఏసీలు చూసుకోమన్నారు.

శిక్షగా ఇచ్చిన ఆ జనరేటరు గదిలోనే మెయిన్ స్విచ్ ఉంది. దాని తాళం ఎవరి చేతికి వెళ్ళిందో యాజమాన్యానికి తట్టలేదు. గాలివానలు వచ్చాయి, ట్రాన్స్‌ఫార్మర్లు పేలాయి, తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా చలిపంపు ఆగలేదు. నిరంతర సేవకు యంత్రం కంపెనీవారు ఇచ్చిన జ్ఞాపికను లక్ష్మీకాంత్ గారు విజయవాడ హోటల్లో అందుకున్నారు. ఆ సాయంత్రం భారతీదేవి గారు డీజిలు మరకల చీరతో ఫిల్టరు మారుస్తున్నారు. "ఇంకో చోటికి పోకూడదా మేడమ్?" అని స్తెఫను అడిగితే, "ఇంకో మాగ్నెట్ ఈ చుట్టుపక్కల ఎక్కడుంది నాయనా? గోడ అవతల నుంచైనా వింటున్నాగా" అన్నారు.

ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఏ కానుక కావాలని లక్ష్మీకాంత్ గారు అడిగారు.

"శాలువా వద్దు బాబూ. ఆ వేసవిలో మెయిన్ ఆపింది ఎవరో సావనీర్లో ఒక్క వాక్యం వేయించండి. నా పిల్లలు చదువుకుంటారు."

"విద్యుత్ అంతరాయం కారణంగా అని వేద్దాం మేడమ్. ఎవరికీ నొప్పి ఉండదు."

"నాకుందిగా, తొమ్మిదేళ్ళ నుంచి."

లక్ష్మీకాంత్ గారు లేచి వెళ్ళిపోయారు. వెళ్తూ జనరేటరు గది తాళం తనకు అప్పగించమన్నారు. అందుకే సిబ్బంది ఈ సంచికను ఎప్పుడూ వేయించే ప్రెస్సులో కాక నందిగామలో, సొంత చందాలతో వేయించారు. భారతీదేవి గారు కోరిన వాక్యం ఇది: రెండు వేల పదహారు వేసవిలో, మనవరాలి పెళ్ళికి బయలుదేరుతూ, మెయిన్ ఆపి దణ్ణం పెట్టి తాళం వేసినవారు శ్రీ వెంకటకృష్ణారావు గారు; ఆపవద్దని చెప్పినవారు శ్రీమతి భారతీదేవి గారు.

విశ్రాంత జీవనంలో భారతీదేవి గారు ఆయురారోగ్యాలతో, పిల్లాపాపలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని సహోద్యోగులందరి ఆకాంక్ష. వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న రావు గారికి కూడా భగవంతుడు దీర్ఘాయువును, ఈ పుట స్వయంగా చదువుకోగలిగినంత కంటిచూపును ప్రసాదించుగాక.

సహోద్యోగుల పక్షాన,
ఉషశ్రీ, రేడియాలజీ విభాగం